పడమటికి తిరిగిన పూలు

అనగనగనగా, చింతలేరు రెండు గట్లూ ఒరుసుకుని పారే రోజుల్లో, ఆ ఏటి ఒడ్డున చెంగమ్మ అనే అద్దకం మనిషి ఉండేది. వెదురు కలంతో గుడ్డ మీద పూలు వేయడం ఆమె పని. ఆమె సంపెంగ వేస్తే, చూసినవాళ్లు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్లు. వాసన రాకపోతే తమ ముక్కుకే ఏదో జబ్బు చేసిందనుకునేవాళ్లు.

ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతుండేది. ఆమె కూతురికి పెళ్లి కుదిరింది. పీటల మీద కూర్చునే జంట తలల పైన కట్టడానికి, నిండా పూలున్న మేలుకట్టు కావాలంది రాణి.

దానికి గుడ్డ తెచ్చినవాడు భుజంగయ్య అనే వర్తకుడు. పాల మీగడలాంటి గుడ్డ అది. ఎంత వెతికినా ముడి లేదు, అతుకు లేదు.

"ఎవరు నేశారయ్యా దీన్ని?" అని అడిగింది చెంగమ్మ.

"దూరదేశపు సరుకు. నేసినవాళ్లతో నీకేం పని? పెళ్లికి తొమ్మిది రోజులే ఉన్నాయి. పూలు వెయ్యి" అన్నాడు భుజంగయ్య.

చెంగమ్మ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరవేసింది. మొదటి రోజు సంపెంగలు గీసింది, అన్నీ ఆకాశంకేసి చూస్తున్నట్టు. గుడ్డను ఇసుక మీద పరిచి, రెండు ముద్దలు తిని వచ్చేసరికి, సంపెంగలన్నీ పడమటికి తిరిగి ఉన్నాయి. తన చెయ్యే వంకర పోయిందేమో అనుకుని, నిమ్మరసం రాసి చెరిపేసింది.

రెండో రోజు చేమంతులు వేసింది. అవీ పడమటికే తిరిగాయి. అవీ చెరిపేసింది.

మూడో రోజు మొగ్గలు వేసింది. విచ్చని మొగ్గకు మొహమే ఉండదు, ఇక ఎటు తిరుగుతుంది అనుకుంది. ఈసారి మాత్రం కదలకుండా పక్కనే కూర్చుంది.

మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. ఏటి చప్పుడు కూడా ఎటో వెళ్లిపోయినట్టుంది. అప్పుడు ఒక మొగ్గ కాడ మెల్లగా వంగింది. దాని పక్కది వంగింది. ఎవరో పిలిస్తే మెడ తిప్పే పసిపిల్లల్లాగా, ఒకటొకటిగా మొగ్గలన్నీ పడమటికి తిరిగాయి.

చెంగమ్మ ఒళ్లు జల్లుమంది. గుడ్డను అటు కొస ఇటు తిప్పి పరిచింది. మొగ్గలు ఒక్క క్షణం ఊరుకున్నాయి. తరవాత మళ్లీ, నిదానంగా, పడమటికే తిరిగాయి.

అంతలో భుజంగయ్య వచ్చాడు. గుడ్డను చూశాడు. అతని పెదవులు ఎండిపోయాయి.

"గుడ్డనంతా నీలిమందులో ముంచెయ్. పూలు కనపడకపోతే సరి."

"పూల గుడ్డ అడిగిన తల్లికి వట్టి నీలిగుడ్డ ఇమ్మంటావా?"

"చెప్పింది చెయ్. లేదంటే, పెళ్లిగుడ్డకు చేతబడి చేశావని రాణీగారితో నేనే చెబుతాను" అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

చెంగమ్మకు నిజంగానే భయమేసింది. నీలి కుండ మీది మూత తీసింది. గుడ్డను పట్టుకుని వంగింది. మొగ్గలు ఇంకా పడమటికే చూస్తున్నాయి. ఇంటికి రావలసిన మనిషి రాకపోతే వాకిట్లో నిలబడి చూస్తామే, అలా ఉంది వాటి వాలకం. ఆమెకు చేతులు రాలేదు. మూత పెట్టేసి, గుడ్డను భుజాన వేసుకుని, పడమటి దారి పట్టింది.

గొర్రెలు తోలే బాట రెండుగా చీలిన చోట గుడ్డ విప్పి చూసింది. మొగ్గలు ఎడమకు తిరిగాయి. కుమ్మరి కుండలు కాల్చే బట్టీల దగ్గర విప్పింది. కుడికి తిరిగాయి. ఎండిన కాలువ దగ్గర విప్పితే, ముళ్లకంపల నడుమ పాడుబడిన నీలిమందు తొట్లకేసి తిరిగాయి. అటు పశువులు కూడా పోవు.

చెంగమ్మ కంప తప్పించుకుని లోపలికి నడిచి, అక్కడి బండ మీద గుడ్డను పరిచింది. నాలుగు వైపులా ఉన్న మొగ్గలు నడిమధ్యకు తలలు వంచాయి. బావిలోకి తొంగిచూసే మనుషుల్లా ఉన్నాయి.

అప్పుడు నేల కింద నుంచి వినపడింది. టక్. టక్. టక్. మగ్గం చప్పుడు.

చెంగమ్మ గుడ్డను పక్కకు లాగితే బండలో ఒక పగులు కనిపించింది. దానికి నోరు ఆనించి, "ఎవరది? బతికున్న మనిషివేనా?" అంది.

మగ్గం ఆగింది. ఒక ముసలి గొంతు పలికింది.

"నాకే సరిగ్గా తెలియడం లేదు తల్లీ. ఎండ చూసి ఏడాదయింది. పైన ఉన్నది పగలేనా?"

"పగలే నాయనా. ఎవరు నువ్వు?"

"నేత నారప్పను. నా నేత తనకొక్కడికే దక్కాలని భుజంగయ్య నన్నిక్కడ దించి బండ మూశాడు. పగులులోంచి కూడూ నూలూ వేస్తాడు, గుడ్డలు లాక్కుపోతాడు. అమ్మా, నువ్వు వెళ్లిపోతావా?"

"వెళ్తాను నాయనా, తిరిగొస్తాను" అంది చెంగమ్మ. ఆమె ఒక్కతివల్ల కదిలే బండ కాదది.

మర్నాడు పొద్దున్నే ఆమె రాణి కొలువుకు వెళ్లేసరికి భుజంగయ్య ముందే అక్కడున్నాడు. "అమ్మా, ఈవిడే! పెళ్లిగుడ్డకు చేతబడి చేసింది!" అని అరిచాడు.

చెంగమ్మ గుడ్డను నేల మీద పరిచింది. "నాకు మంత్రాలు రావు తల్లీ, పూలు వేయడమొక్కటే వచ్చు. ఈ గుడ్డ నేసిన మనిషి భూమి కింద ఉన్నాడు. నా మాట అబద్ధమైతే నా చేతులు తీయించండి" అని జరిగిందంతా చెప్పింది.

రాణి స్వయంగా దిగివచ్చి గుడ్డను ఒక చుట్టు తిప్పింది. సభ అంతా చూస్తుండగా మొగ్గలు తలలు ఎత్తి, పడమటికి తిరిగాయి. వింజామర వీచేవాళ్ల చేతులు ఆగిపోయాయి. భుజంగయ్య మెల్లగా ద్వారం వైపు నడిచాడు. భటులు పట్టుకున్నారు.

రాణి దగ్గరుండి బండ తీయించింది. నారప్ప పైకి వచ్చాడు. పాలిపోయి, చెరుకు పిప్పిలా ఉన్నాడు. వెలుతురు తట్టుకోలేక కళ్లు మూసుకుంటే, చెంగమ్మ తన కొంగు అడ్డం పట్టింది.

"ఆ భుజంగయ్యను ఇందులోనే పడేసి మూస్తాను" అంది రాణి కోపంగా.

"వద్దమ్మా" అన్నాడు నారప్ప. "ఎవరినీ వద్దు. ముందు ఈ గొయ్యి పూడ్పించండి."

గొయ్యి పూడ్చారు. భుజంగయ్యను రాజ్యం పొలిమేర దాటించారు. చెంగమ్మ రాత్రనక పగలనక పనిచేసి మేలుకట్టు ముగించింది.

పెళ్లినాడు అందరూ ఆ గుడ్డను చూసి ఆహా అన్నారు. పూలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఎటూ తిరగలేదు. రాణి మాత్రం నారప్ప ముందు తల వంచుకుని నిలబడింది.

"ఏడాదిగా నువ్వు నేసిన చీరలే కట్టాను నాయనా. ఎంత బాగున్నాయో అని మురిసిపోయాను. నేసిందెవరని ఒక్కసారీ అడగలేదు. బండ మూసింది భుజంగయ్య. దాని మీద ఏడాదిపాటు నిలబడింది నేను."

"ఇప్పుడు అడిగారు కదమ్మా" అన్నాడు నారప్ప.

అందుకే పిల్లలూ, అందమైన పనిని చూసి మెచ్చుకుంటే చాలదు, అది చేసిన మనిషి ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో కూడా అడగాలి.