నీలవేణి ఆఫీసు బట్టలు

భ్రమరాంబ టీచరు గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషిని వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరేవారు, లేదంటే ఏదో పనిలో కూర్చోబెట్టేవారు. ముప్పై నాలుగేళ్లు ఆమదాలవలసలో ఆడపిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఆదివారం పొద్దుట ఆవిడ ముందుగదిలో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి పద్యాలు చదువుకునేవారు. వాళ్లకి ఆవిడ అర్థం చెప్పేవారు గానీ, బతుకులో ఎలా నడుచుకోవాలో మాత్రం నోటితో చెప్పగా ఎవరూ వినలేదు.

వాళ్లలో వసుంధర ఒకతె. శ్రీకాకుళంలో ఒక బ్యాంకులో క్యాషియరు, రోజూ బస్సులో వెళ్లొచ్చేది. చదివినది వెంటనే ఆచరణలో పెట్టెయ్యాలనే పట్టుదల మనిషి. ఆ ఏడు వేసవిలో కోరికల మీద ఏదో పద్యం చదివిన వారంలోనే బీరువా ఖాళీ చేసి, ఉన్న చీరలన్నీ తెలిసినవాళ్లకి పంచిపెట్టింది. సన్నంచు ఉన్న తెల్లని నేత చీరలు రెండే ఉంచుకుంది. ఒకటి కట్టుకుంటే ఒకటి దండెం మీద ఉండేది. బ్యాంకులో అందరూ ఆశ్చర్యపోయారు. "ఈ రోజుల్లో ఇలా ఉండగలగడం మాటలు కాదమ్మా" అని మేనేజరు గారే అన్నారు. ఆ మెచ్చుకోలు తనకేమీ అక్కర్లేదని వసుంధర అనుకుంది. అయితే ఎవరూ ఏమీ అనని రోజున మాత్రం ఇంటికొచ్చేసరికి ఏదో వెలితిగా ఉండేది.

ఒక ఆదివారం చదువు అయ్యాక అందరూ వెళ్లిపోయినా తను ఆగి, అడిగింది.

"టీచరు గారూ, మనిషికి నిజంగా ఎన్ని బట్టలుంటే చాలు?"

రెండు అని ఆవిడ అంటారనీ, తన చీర వంక చూసి చిన్నగా నవ్వుతారనీ ఆశ. టీచరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మధ్యాహ్నం ఖాళీయేనా? అయితే ఆ కుట్టుపని డబ్బా పట్టుకుని నాతో రా" అన్నారు.

వాళ్లు వెళ్లింది నీలవేణి ఇంటికి. నీలవేణి ఒకప్పుడు టీచరు గారి దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. భర్త సత్యం శ్రీకాకుళంలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తాగా చేస్తూ పదకొండు నెలల కిందట గుండెపోటుతో పోయాడు. ఎన్నో అర్జీలు పెట్టుకోగా, ఆ ఉద్యోగం కారుణ్య నియామకం కింద ఆమెకే ఇస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. సోమవారం చేరాలి. చేరకపోతే గడువు దాటిపోతుంది. అంత కష్టపడి తెచ్చుకున్న కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి, ఇప్పుడు తాను వెళ్లనంటోందని టీచరు గారికి శనివారం తెలిసింది.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి నీలవేణి మంచం నిండా బట్టలు పరుచుకుని మధ్యలో కూర్చుని ఉంది. ఒక పక్క పట్టుచీరలు, జరీ చీరలు. ఇంకో పక్క ఉతికి ఉతికి వెలిసిపోయిన వాయిల్ చీరలు, నైటీలు. వాళ్లను చూసి లేచి నిలబడింది గానీ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"పెళ్లిళ్లకెళ్లడానికున్నాయి టీచరు గారూ, వంటింట్లో తిరగడానికున్నాయి. ఆఫీసుకెళ్లడానికి ఒక్కటీ లేదు. నాలుగు రోజులుగా ఇదే పని, కట్టడం, విప్పడం. కాస్త రంగున్నది కడితే, మొగుడు పోయి ఏడాదన్నా తిరగలేదు అంటున్నట్టుంటుంది. వెలిసిపోయింది కడితే, అయ్యో పాపం అంటున్నట్టుంటుంది. ఆ రెండు మాటలూ నేను పడలేను. ఇంట్లోనే ఉండి నాలుగిళ్లకి అప్పడాలు చేసుకుంటాను."

వసుంధరకి జాలి కలిగింది. తనకు తెలిసిన దారి ఈమెకీ చూపిద్దామనిపించింది.

"దీనికింత ఆలోచన దేనికండీ? నాలాగే తెల్లటివి రెండు పెట్టుకోండి. అంచు కూడా లేకపోతే మరీ మంచిది. ఇక ఎవరూ ఏమీ అనరు."

నీలవేణి కన్నీళ్లు తుడుచుకుని ఆమె వంక చూసింది. కోపంగా కాదు.

"మా అత్తమ్మ కూడా అదే అందండీ" అంది.

వంటింట్లోంచి రుబ్బురోలు చప్పుడు వినిపిస్తోంది. వసుంధర చెవులు వేడెక్కాయి. తాను ఇష్టపడి వదులుకున్నదాన్ని, ఈమెను వదులుకోమని లోకం అంటోంది. ఆ లోకం మాట ఇప్పుడు తన నోటి నుంచే వచ్చింది. టీచరు గారు తనను ఏమైనా అంటే బాగుండునని ఎదురుచూసింది. ఆవిడ అటు చూడనే లేదు. మంచం అంచున చోటు చేసుకుని కూర్చున్నారు.

"నీలవేణీ, అక్కడ నీకు ఏం పని ఇస్తారట?"

"రికార్డు గదిలో అన్నారు. అడిగిన ఫైలు తీసివ్వాలి, రిజిస్టర్లో రాసుకోవాలి."

"ఫైళ్లు ఎక్కడుంటాయి?"

"పైదాకా అరలుంటాయని ఆయన అంటుండేవారు. స్టూలు వేసుకుని ఎక్కాలట."

"అయితే లే. ఇప్పుడు కట్టుకున్న చీరతోనే ఆ మూలనున్న స్టూలెక్కి అటక మీది ఇత్తడి బిందె తియ్యి."

నీలవేణి తెల్లబోయింది. చిన్నప్పుడు ఈ టీచరు గారు బోర్డు దగ్గరికి పిలిస్తే ఎదురు చెప్పని అలవాటు ఇంకా పోలేదేమో, లేచి స్టూలెక్కింది. నైలాను చీర భుజం మీంచి జారిపోయింది. చెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది. జాకెట్టు చంక దగ్గర పట్టేసింది.

"ఇది వద్దు. ఇంకోటి కట్టు."

అలా మొదలైంది. కట్టిన ప్రతి చీరతోనూ నీలవేణి స్టూలెక్కాలి, నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని లేవాలి, భుజాన సంచి వేసుకుని వీధి అరుగు రెండు మెట్లూ బస్సెక్కినట్టు గబగబా ఎక్కాలి. గంజి పెట్టిన నూలు చీర బాగుంది గానీ, కూర్చుని లేచేసరికి కాగితంలా నలిగిపోయింది. "గంజి లేకుండా కట్టు, రోజూ ఇస్త్రీ ఎవరు చేస్తారు?" అన్నారు టీచరు గారు. ఒక చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడ్డాయి. ఒక చీర చాలా బాగుంది గానీ పిన్ను తీస్తే నిలవదు. "నీ చెయ్యి రిజిస్టరు మీద ఉండాలి గానీ కొంగు మీద కాదు" అని దాన్ని పట్టుచీరల్లోకి పంపేశారు. వసుంధర ఒక్కో చీరనీ మడత పెడుతూ, తెగిన హుక్కులు చూసి కుట్టడం మొదలుపెట్టింది.

ఒకసారి ఎత్తు మడమల చెప్పులేసుకుని అరుగెక్కబోయి నీలవేణి తూలింది. పడబోయి గుమ్మం పట్టుకుని, "బస్సు కదలకుండానే పడిపోతున్నాను, కదిలితే ఏటౌతానో!" అని నవ్వింది. ఆ నవ్వుకి ఆమే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వంటింట్లో రుబ్బురోలు చప్పుడు ఆగిపోయింది.

అత్తగారు అప్పలనరసమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులకి పిండి. డెబ్బై ఏళ్ల మనిషి. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె గొంతెత్తి మాట్లాడినట్టు చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. నీలవేణి గబుక్కున కొంగు సర్దుకుని తల వంచుకుంది. ముసలామె కోడలిని కిందినుంచి పైదాకా చూసింది. చేతులు కడుక్కుని వచ్చి, టీచరు గారి డబ్బాలోంచి కత్తెర తీసుకుని, నేల మీద కూర్చుంది.

"ఈ జాకెట్లన్నీ బిగుతైపోయాయే. కుట్టినోడు లోపల రెండు వేళ్ల గుడ్డ ఒగ్గుంటాడు. ఇలాగియ్యి."

జాకెట్ల కుప్పలో అన్నిటికన్నా పైన బూడిద రంగుది ఉంది. అప్పలనరసమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి, దాని కిందున్న నీలిరంగుది ఒడిలోకి లాక్కుంది. పక్క కుట్టు మెల్లగా విప్పసాగింది. దారప్పోగులు ఊడి ఆమె మోకాలి మీద పడుతున్నాయి. చాలాసేపటికి, తలెత్తకుండానే అంది.

"ఆ రోజు నేనన్న మాట ఒగ్గీ అమ్మా. ఊరు నిన్ననకముందే ఇంట్లో నేను అనేస్తే, ఆ దెబ్బ చిన్నదైపోద్దనుకున్నాను."

నీలవేణి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. విప్పిన జాకెట్టు అంచు అటు పట్టుకుంది, అత్తగారికి కుట్టు వెతకడం తేలికవుతుందని. అలా కాసేపు పట్టుకున్నాక, ఎప్పటినుంచో అడగలేకపోతున్నది అడిగింది.

"అత్తమ్మా, తిరపతి కొండకి నడిచెళ్లినప్పుడు ఆయన రెండు చుడీదార్లు కొన్నారు. అవి పెట్టె అడుగున ఉన్నాయి."

"కొండంతా అవేసుకునే ఎక్కావు కదా?"

"ఆ."

"ఎక్కడైనా పట్టేసాయా?"

"లేదు."

"మరింకేటి? తియ్యి" అంది అప్పలనరసమ్మ.

సాయంత్రమయ్యేసరికి మంచం మీద చిన్న దొంతర తయారైంది. మెత్తబడిన నూలు చీరలు మూడు, ఆ చుడీదార్లు రెండు, చేతులు లేచేలా వదులు చేసిన జాకెట్లు, ఒక జత చదునైన తోలు చెప్పులు. కొత్తగా కొన్నది ఏమీ లేదు. అన్నీ ఆ ఇంట్లో ఉన్నవే. వాటిలో తెల్లది లేదు, మరీ మెరిసేదీ లేదు. వెళ్లేముందు వసుంధర ఆగి, "ఇందాక నేను తెలియక అన్నానండీ" అంది. నీలవేణి ఆమె చెయ్యి పట్టుకుని, "మీరు మంచికే అన్నారు. రేపు మీరు ఎక్కే బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

దారిలో చాలా దూరం నడిచాక వసుంధర అంది, "నా చీరల సంగతి మీరేమీ అనలేదు టీచరు గారూ."

"పొద్దుటి నుంచి ఎన్నిసార్లు కొంగు చూసుకున్నావో లెక్కపెట్టావా?"

"తెల్లచీర కదండీ, ఎక్కడైనా మరక..." అంటూనే వసుంధర మాట ఆపేసింది. టీచరు గారు రోడ్డు దాటడానికి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

తర్వాతి ఆదివారం చదువు సాగలేదు. అందరికన్నా ముందు వచ్చిన వసుంధర సోమవారం సంగతులు చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. నీలవేణి ఎనిమిదింటి బస్సుకే వచ్చిందట. కూర్చోడానికి చోటు దొరక్క, శ్రీకాకుళం దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చిందట. సంతకం తిన్నగా వస్తుందో రాదోనని టిక్కెట్టు వెనకాల నాలుగుసార్లు రాసి చూసుకుందట. సాయంత్రం తిరుగు బస్సులో మళ్లీ కనబడింది. జుట్టంతా దుమ్ము, వేళ్లకి సిరా. రికార్డు గదిలో పాత కాగితాల వాసనకి పొద్దంతా తుమ్ములేనట. పక్క సీట్లో కూర్చుని ఒకటే కబుర్లు. ఆమదాలవలస దగ్గర పడుతుండగా మాత్రం గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది.

"ఆమెకిచ్చిన రిజిస్టరు ఆయన రాసినదేనట, టీచరు గారూ. మధ్యలో ఎవరెవరో రాశారు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే ఆయన చేతిరాత వచ్చిందట. అక్కడ వేలు పెట్టి కాసేపు కూర్చుందట. తర్వాత ఇవాళ్టి పేజీ తీసి తారీఖు వేసి తన మొదటి వరస రాసిందట. రాత ఆయనంత బాగా లేదు గానీ వంకర పోలేదు అంది. అంటూ నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి, అయినా నవ్వింది. నాకు ఆ ముఖం ఇంకా కళ్ల ముందే ఉంది."

టీచరు గారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కిటికీలోంచి ఎండ వచ్చి ఆవిడ పాదాల మీద పడుతోంది. అడిగారు.

"ఆ రోజు ఏం కట్టుకుంది?"

వసుంధర చెప్పబోయింది. నోరు తెరిచి, ఆగింది. బస్సు గుర్తొచ్చింది, కడ్డీ పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది, వేళ్ల మీది సిరా, టిక్కెట్టు వెనకాల నాలుగు సంతకాలు, చివరి ఆ నవ్వు, అన్నీ గుర్తొచ్చాయి. ఎంత ఆలోచించినా మిగతాది రాలేదు.

"చీరో, చుడీదారో కూడా గుర్తు రావడం లేదండీ" అంది సిగ్గుపడుతూ.

"ఆమెక్కూడా గుర్తుండదులే" అన్నారు భ్రమరాంబ టీచరు గారు.