ఉప్పు చూసే మనిషి

ముర్తుజాకు గరిటె కావాలి.

అది మామూలు గరిటె కాదు. ఎర్రకొండ కింద సూఫీల మఠం, ఖాన్‌ఖా, ఒకటి ఉంది. అక్కడ ప్రతి గురువారం ఎనభై మంది పేదలకు పెద్దకూర మాంసం, కూరగాయలు, బార్లీ వేసి షేర్వా వండుతారు. దాన్ని వడ్డించే పొడుగాటి రాగి గరిటె ముప్పై ఏళ్లుగా గురువు అమానుల్లా షా చేతిలో ఉంది. ఆయన చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. వచ్చే ఉరుసుకు ఆ గరిటె ఎవరికిస్తే, ఆయన తర్వాత ఖాన్‌ఖా వాళ్లది.

వంటకు అక్కడొక నియమం ఉంది. వండేవాడు ఆ రోజు రోజా, అంటే ఉపవాసం, ఉండాలి. నాలుక మీద చుక్క వేసుకోకూడదు. పొయ్యి పక్కన చూపులేని హబీబ్ తాత కూర్చుంటాడు. మొదటి చెంచా ఆయనకు. ఆయన "సరిపోయింది" అంటేనే వడ్డన.

గురువు శిష్యుడు ముర్తుజా వండిన మూడేళ్లలో హబీబ్ తాత ఇంకో మాట అనలేదు. మాంసం ఎనిమిది కిలోలు, బార్లీ నాలుగు, నీళ్లు ముప్పై రెండు లీటర్లు, ఉప్పు మూడు వందల ఇరవై గ్రాములు. ముర్తుజా లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఒక గురువారం అతని భార్య సకీనా ఖాన్‌ఖాకు డబ్బాలో ఖిచిడీ తెచ్చింది. హబీబ్ తాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకు ఉమ్మేశాడు.

"సముద్రం దాకా వెళ్లొచ్చానురా," అన్నాడు.

అందరూ నవ్వారు. ముర్తుజా ఇంకా గట్టిగా నవ్వాడు. "మా ఇంట్లో ఇద్దరికి వండితే ఉప్పు కుదరదు. ఇక్కడ ఎనభై మందికి వండుతున్నా. ఒక్కసారన్నా తప్పిందా, తాతా?"

డబ్బా తిరిగి తీసుకెళ్లడానికి సకీనా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

అమానుల్లా షా డబ్బా తన ముందుకు లాక్కున్నాడు. అడుగున మెతుకు మిగలకుండా తిన్నాడు. లేచి, డబ్బా తనే కడిగి, ఆమె చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం ముర్తుజా ఆయన ఎదుట కూర్చున్నాడు.

"హజ్రత్, ఉరుసుకు ఇంక పన్నెండు రోజులే. గరిటె ఎవరికన్నది..."

"వచ్చే గురువారం ఇక్కడ నేను వండుకుంటాను," అన్నాడు గురువు. "నువ్వు మీ ఇంట్లో వండు. ఇద్దరికి. ఇదే షేర్వా, ఇదే నియమం. ఉప్పు సకీనా చూస్తుంది."

"అంతేనా హజ్రత్?"

"అంతే."

ముర్తుజా ఆనందంగా లేచాడు. ఎనభైని నలభైతో భాగిస్తే ఇద్దరికి. మాంసం రెండు వందల గ్రాములు, బార్లీ వంద, నీళ్లు ఎనిమిది వందల మిల్లీలీటర్లు, ఉప్పు ఎనిమిది గ్రాములు. వీధి దాటేలోపు లెక్క అయిపోయింది.

గురువారం పొద్దున కసాయి అతన్ని ఎగాదిగా చూశాడు. "రెండు వందల గ్రాములా? ఎవరికి భాయ్, పిల్లికా?" అని ఎముకతో సహా అరకిలో కాలిమాంసం కోసిచ్చాడు.

ఇంట్లో సకీనా మంచం మీద ఉంది. ఈమధ్య ఎక్కువగా మంచం మీదే ఉంటోందని ఆ రోజే అతనికి తట్టింది. ముర్తుజా వారానికి ఐదు రోజులు ఖాన్‌ఖాలోనే పడుకుంటాడు.

"ఉప్పెక్కడ పెట్టావు?"

"గూట్లో. ఎడమ పక్క."

"చాకు?"

"మీ ఇల్లే కదా. వెతకండి," అంది.

తెల్లవారుజామున నానబెట్టిన బార్లీ, కడిగిన మాంసం, ఉల్లిపాయలు, క్యారెట్, టర్నిప్ అన్నీ గిన్నెలో వేసి, కొలిచి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు. ఖాన్‌ఖాలో మూడు గంటలు ఉడకాలి. ఇక్కడా మూడు గంటలే అనుకుని నమాజుకు వెళ్లాడు. వచ్చేసరికి వీధి మొదట్లోనే మాడు వాసన.

"చిన్న గిన్నెలో నీళ్లు తొందరగా ఎగిరిపోతాయి," అంది సకీనా మంచం మీద నుంచే. "బార్లీ కూడా తాగేస్తుంది. పక్కనే కూర్చోవాలి."

"నువ్వు చూడొచ్చుగా?"

"మాడిన వాసన నాకు రాలేదు."

ఆ మాట అతను పట్టించుకోలేదు. మిగిలిన మాంసంతో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కదల్లేదు. నీళ్లు తగ్గినప్పుడల్లా వేడినీళ్లు పోశాడు. నీళ్లు పెరిగాయి కాబట్టి ఉప్పూ పెరగాలి. పోసిన ప్రతిసారీ లెక్క కట్టి ఉప్పు వేశాడు.

పొద్దు వాలుతుండగా మొదటి చెంచా ఊది, ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఉప్పు చూడు."

సకీనా చెంచా నోట్లో పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుని మింగింది.

"వేడిగా ఉంది," అంది.

"ఉప్పు?"

"నాకు తెలీదు."

"తెలీకపోవడమేంటి?"

"బక్రీద్ ముందు జ్వరం వచ్చింది కదా. అప్పటి నుంచి రుచీ లేదు, వాసనా లేదు. నాలుగు నెలలు. ఉప్పు చిటికెలు లెక్కపెట్టి వేస్తున్నా. మధ్యలో ఎవరన్నా పిలిస్తే లెక్క మర్చిపోతా."

ముర్తుజా చేతిలో చెంచా అలాగే ఉంది. ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు పళ్లెం పక్కకు నెట్టాడో లెక్కపెట్టబోయాడు. పదకొండు దాకా గుర్తొచ్చి ఆపేశాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఉప్పు ఎక్కువైందని చెప్పేవారు. ఎందుకైందని అడగలేదు."

మగ్రిబ్ అజాన్ వినిపించింది. ముర్తుజా ఖర్జూరం కోసం వెతకలేదు. ఆ షేర్వాతోనే రోజా విడిచాడు. మొదటి గుక్కకే ఉప్పు గొంతులో చేదెక్కింది. ఆపకుండా గిన్నె అడుగు దాకా తాగాడు.

సకీనా అతన్నే చూస్తోంది. "ఎలా ఉంది?"

"సరిపోయింది."

"అబద్ధం. రుచి పోయింది గానీ నాకు కళ్లున్నాయి." ఆమె గోడ వైపు తిరిగింది. "ఆ రోజు అందరిలో నవ్వారుగా. ఇప్పుడూ నవ్వండి. ఇక్కడ ఎవరూ లేరు."

అతను "సకీనా" అని పిలిచాడు. ఆమె ఇటు తిరగలేదు. దుప్పటి కప్పబోతే ఎముకలే తగిలాయి.

మర్నాడు పొద్దున ముర్తుజా ఖాన్‌ఖాకు వెళ్లాడు. అమానుల్లా షా వరండాలో కూర్చుని ఉన్నాడు. రాగి గరిటె ఒళ్లో ఉంది. చింతపండుతో అప్పుడే తోమినట్టుంది, మెరుస్తోంది.

"వండావా?"

"వండాను హజ్రత్."

"సకీనా ఏమంది?"

ముర్తుజా తల దించుకున్నాడు.

గురువు గోడ పట్టుకుని లేచాడు. వణికే చేత్తో గరిటెను గోడ మేకుకు తగిలించాడు. అది కాసేపు ఊగి ఆగింది.

"ఈ మేకు గట్టిది," అన్నాడు. "నువ్వు ఇంటి దగ్గరుండి రా. గరిటె ఎన్నాళ్లయినా ఆగుతుంది."