గలాఁ అనే మాట, పోలమ్మ తట్ట

వరుస తప్పుతానేమో. ఆ మాట ముందు జర్మనీ వెళ్ళిందో, పోలండు వెళ్ళిందో నాకిప్పుడు గట్టిగా గుర్తు లేదు. మిగతాది గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

యానాంలో ఫ్రెంచివాళ్ళ పాలన ఉన్న రోజులు. మా మేనమామ శౌరయ్య మాస్టారు మా అరుగు మీదే ఫ్రెంచి పాఠం చెప్పేవారు. శిష్యుల్లో చురుకైనవాడు సత్యలింగం. పుదుచ్చేరి కాలేజీలో చేరడానికి అతనొక వ్యాసం రాశాడు. దాని కింద గురువు సంతకం ఉండాలి. మధ్యాహ్నం టపా కట్టేలోగా దొరగారి ఆఫీసులో ఇవ్వాలి. తప్పితే ఏడాది ఆగాలి.

ఆ పొద్దున గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను.

వ్యాసమంతా ఒక్క మాట గురించే. గలాఁ. ఎదుటివాళ్ళతో, అందులోనూ ఆడవాళ్ళతో, ముచ్చటగా మసలే మర్యాదస్తుణ్ణి అలా అంటారట.

"ఫ్రాన్సు రాజుల కొలువులో పెరిగిన మాట మాస్టారూ. ఆ నడవడి మీద మోజుతో పక్క దేశాల ప్రభువులు మాటతో సహా పట్టుకెళ్ళారు. ఫ్రెంచివాళ్ళు చివరి అక్షరం మింగేస్తారు కదా, జర్మన్లు మింగకుండా గలాంత్ అన్నారు. తర్వాత పోలండు, స్వీడను. రష్యావాళ్ళు దానికో తోక తగిలించుకున్నారు."

"ఇంగ్లీషువాళ్ళు?"

"యుద్ధానికి కూడా తీసుకెళ్ళారు. వీరుణ్ణీ ఆ మాటతోనే మెచ్చుకుంటారు."

మాస్టారు నవ్వారు. "మరి తెలుగు?"

"లేదు అని రాశాను. మనవాళ్ళకి ఆ గుణం ఉంటే కదండీ, మాట ఉండేది!"

కలం మూత తీయబోయిన మాస్టారు ఆగిపోయారు.

అప్పుడే వీధిలోంచి పోలమ్మ కేక. చేపలమ్మే మనిషి. "బాబుగారూ, కాస్త తట్ట దించండి!"

"ఉండవమ్మా, పాఠం జరుగుతోంది," అన్నాడు సత్యలింగం.

మాస్టారు లేచి మెట్లు దిగారు. మోకాళ్ళ నొప్పి మనిషి, ఒక్కో మెట్టే దిగారు. రెండు చేతులా తట్ట పట్టి దించి అరుగు మీద పెట్టారు. లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

"ఇవాళ కొననమ్మా. పొద్దున్నే తీసుకున్నాం."

"తెలుసండి, ఇందాకే కూర వాసనొచ్చింది. నాలుగు వీధులు తిరిగాను, దించిన నాథుడు లేడు. దించితే కొనాలేమోనని భయం! మీరైతే కొనకపోయినా దించుతారు."

నీళ్ళు తాగింది. కొంగుతో మెడ తుడుచుకుంది. నెత్తిన చుట్టకుదురు సర్దుకుని, "ఎవరైనా ఓ చెయ్యి వెయ్యండి," అంది.

మాస్టారు కదలలేదు. వ్యాసం కాగితం చేతిలోకి తీసుకుని, అక్షరాలు కనబడనట్టు కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు.

సత్యలింగం ఆయన వంక చూశాడు. తట్ట వంక చూశాడు. తన చొక్కా వంక చూసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళాడు.

ఎత్తడం అలవాటు లేదు కదా, తట్ట ఒరిగింది. భుజం మీంచి మోచేతి దాకా చేపనీళ్ళు కారాయి.

"అయ్యో, చొక్కా బాబూ!"

"పర్లేదు, ముందు నువ్వు సరిగ్గా పట్టుకో అమ్మా. కుదిరిందా?"

"కుదిరింది నాయనా. చల్లగా ఉండు."

ఆమె మలుపు తిరిగేదాకా అతను వీధిలోనే నిలబడ్డాడు. తిరిగొచ్చి, అడక్కుండానే కలం తీసుకుని 'లేదు' అన్న మాట కొట్టేశాడు. దాని పక్కన ఏం రాయాలో తోచక కలం గురువుగారి చేతికిచ్చాడు.

మాస్టారు ఆ తడిసిన భుజం వంక ఒకసారి చూసి సంతకం పెట్టారు.

"ఇంటికెళ్ళి చొక్కా మార్చుకుని దొరగారి దగ్గరకు వెళ్తానండి."

"ఎందుకూ? ఇలాగే వెళ్ళు."

మా చెల్లెలు అన్నమ్మ ఇందులో పేర్లు ఒకసారి చూడాలి. దేశాల పేర్లు నేను తప్పినా ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. చేపలమ్మ పేరు పోలమ్మేనా, అన్నమ్మా? అది ఎక్కడా రాసి లేదు.