కాడి ముట్టినవాళ్ళు

కరువు దెబ్బకు గుండ్లవాగులో విత్తనం గింజ కూడా మిగల్లేదు. రాజుగారు జాలిపడి రైతులకు విత్తనాలు పంపారు. కరణం పానకాలయ్య అన్నీ పంచేశానన్నాడు గానీ, ఎవరికిచ్చాడో చెప్పడే! "పుచ్చుకున్నవాళ్ళ పరువేం కావాలి?" అనేవాడు.

ఇంకేముంది, పక్కవాడికే దక్కిందని ప్రతివాడికీ అనుమానం. ఒంటరి మనిషి నాంచారమ్మ కడుపు మాడ్చుకుని తిండిగింజల్లోంచి దాచిన జొన్నలు చల్లి, కడవలతో నీళ్ళు మోసి పండించుకుంది. ఆ పచ్చదనం చూసి ఊరంతా ఆమెతో మాట మానేసింది. పొరుగింటి పేరమ్మ నిప్పుకైనా గడప తొక్కలేదు. నాంచారమ్మ తన పొయ్యితోనే కబుర్లు చెప్పుకునేది.

ఒకరోజు మంత్రిగారు విచారణకొచ్చి, ఊరందరి ముందూ పేర్లడిగారు. కరణం మళ్ళీ పరువు పాటే పాడాడు.

నాంచారమ్మ లేచింది. "నిజమే దొరా, పుచ్చుకున్నవాళ్ళ పేర్లు చెప్పొద్దు. పుచ్చుకోనివాళ్ళకు సిగ్గేముంది? వాళ్ళను అదిగో, ఆ బండి కాడి ముట్టి ఇటు రమ్మనండి."

కాడి ముట్టి అబద్ధమాడితే ఎడ్లు దక్కవని ఆ ఊరి నమ్మకం. ముందు తనే ముట్టి పక్కన నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చూస్తుండగానే ఊరంతా వచ్చేసింది. అవతల కరణమూ, ఆయన బావమరుదులిద్దరూ మిగిలారు.

"నీ మాట దక్కిందయ్యా కరణం, ఒక్క పేరూ బయటపడలేదు," అని మంత్రిగారు భటులను పిలిచారు.

నాంచారమ్మ అటు చూడనేలేదు. గుంపులో ఎవరిదో భుజం ఆమెకు ఆనింది. పేరమ్మ!

"పొయ్యిలో నిప్పుందా వదినా?" తల దించుకునే అడిగింది పేరమ్మ.

"ఏనాడూ ఆర్పలేదే," అంది నాంచారమ్మ.