ఖాళీ పాతర మాత

పల్నాటి మెట్టలో బోడిగుంటపాడు దగ్గర బస్సు దిగి, నాపరాళ్ళ గోడ వెంబడి నడిచే యాత్రికులకు క్రైస్తవుల గుడికంటే ముందు ఒక గొయ్యి కనబడుతుంది. మూతి చూస్తే సన్నని మనిషి దూరేంత, లోపల చూస్తే రెండు నిలువుల లోతు. ఇది జొన్నలు దాచే పాతర. చుట్టూ కటకటాలు, పైన రేకుల పందిరి, పక్కన చేతులు చాచి నిలిచిన దేవమాత స్వరూపం ఉన్నాయి. పాతరకు మూత మాత్రం లేదు. కొత్తగా వచ్చిన ప్రతివారూ “మూత ఏదండీ?” అని గుడి చూసుకునే ఉపదేశిగారి ప్రాణం తోడేస్తారు. తొందరపడకండి, అక్కడికే వస్తున్నాం.

పూర్వం ఇక్కడ శౌరయ్య అనే రైతు దొడ్డి ఉండేది. ఆయన, భార్య జ్ఞానమ్మ, ఇద్దరే. పిల్లలు లేరు. ఒకప్పుడు వరుసగా మూడేళ్ళు జొన్న విరగపండింది. శౌరయ్య పాతర తవ్వించి, లోపల చొప్ప పరిపించి, పైన నిలువు ఎత్తు మెడ వదిలి కింద నిండా జొన్నలు పోసి, నాపబండతో మూసి, పైన పేడమట్టి మెత్తించాడు. చెడ్డవాడు కాడు పాపం. చిన్నతనంలో కరువు చూశాడు, ఆకులు ఉడకబెట్టుకుని తిన్నాడు. ఆ భయం ఆయన కడుపులో అలాగే ఉండిపోయింది. ఎంత దాచినా చాలదనిపించేది.

తర్వాత రెండేళ్ళు చినుకు రాలలేదు. ఊరి ఆడవాళ్ళు చేటలు పట్టుకుని ఆయన గడపకు వచ్చారు. “పాతర ఖాళీ అమ్మా! పురుగుపడితే పారబోశాను” అన్నాడు శౌరయ్య. మొదటి రోజు నోరు జారి అన్న మాటే. రెండో రోజు నామోషీ కొద్దీ అన్నాడు. ఆ తర్వాత అదే అలవాటయింది. మొగుడు పోయి ఇద్దరు పసివాళ్ళతో ఉన్న తెరేజమ్మ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఉత్త చేటతోనే తిరిగి వెళ్ళింది.

“ఇద్దరి పొట్టలకు ఎంత కావాలయ్యా? దేవుడు మెచ్చుతాడా?” అని జ్ఞానమ్మ రోజూ పోరేది. ఆయన వింటేగా!

చివరికి ఇంట్లోని గింజలు నిండుకున్నాయి. పాతర తెరవక తప్పలేదు. అయితే పాతర తెరవడానికి ఒక పద్ధతి ఉంది. బండ తీసి ఒక పూటంతా ఆరబెట్టాలి, తర్వాత దీపం దింపి చూడాలి. దీపం ఆరిపోతే లోపల గాలి చెడ్డదన్నమాట, మనిషి దిగకూడదు. పల్నాటిలో ఇది తెలియని రైతు లేడు. శౌరయ్యకూ తెలుసు. కానీ ఒక పూట తెరిచి ఉంచితే వీధి వీధంతా వచ్చి చూడదూ? ఖాళీ అన్నవాడి ముఖం ఏం కావాలి?

అందుకని ఆదివారం ఎంచుకున్నాడు. ఊరంతా దివ్యపూజలో ఉండగా, జ్వరమని వంకపెట్టి, భార్యాభర్తలు ఇంట్లో ఉండిపోయారు. పొద్దు బాగా ఎక్కాక బండ జరిపారు. శౌరయ్య భుజాలు ఆ మూతిలో పట్టవు. “కాసేపు ఆగుదామయ్యా” అంది జ్ఞానమ్మ. “పూజ అయిపోతుందే, దిగు” అన్నాడు. ఆమె గంప పట్టుకుని దిగింది. నిలువు లోతులో జొన్నల మీద కాలు మోపింది. అంతే, మళ్ళీ మాట లేదు.

“జ్ఞానా! ఒసేయ్ జ్ఞానా!”

బోర్లా పడుకుని చేయి చాచాడు. అందలేదు. కేక వేస్తే ఊరంతా వచ్చి నిండు పాతర చూస్తుంది. వేయకపోతే భార్య దక్కదు. ఆ క్షణంలో కూడా కాస్త తటపటాయించానని శౌరయ్య చచ్చేదాకా చెప్పుకుని ఏడ్చేవాడు. తర్వాత లేచి గుడికేసి పరుగెత్తి, “నా పెళ్ళాం పాతరలో పడిపోయిందయ్యా, రండయ్యా!” అని గుమ్మంలో కూలబడ్డాడు.

స్వాములవారు పూజ ఆపారు. జనం బిలబిలా పరుగెత్తారు. ఆడవాళ్ళు ఇళ్ళలోంచి చేటలు తెచ్చి పాతర మూతి చుట్టూ చేరి విసిరారు, ఈయన ఉత్తవిగా తిప్పి పంపిన ఆ చేటలే. మగవాళ్ళు వేపకొమ్మలు దింపి లాగుతూ లోపలి గాలిని కలియబెట్టారు. బలిపీఠం మీది దీపం తెచ్చి దింపారు. ఆరిపోయింది. మళ్ళీ విసిరారు, మళ్ళీ దింపారు. రెండోసారి దీపం నిలిచింది.

అప్పటికే తెరేజమ్మ నడుముకు తాడు కట్టుకుని ఉంది.

“నీకు పిడికెడు గింజలు వేయలేదు గదమ్మా” అని శౌరయ్య వలవలా ఏడ్చాడు.

“దానికి తర్వాత తిడతాలే మామా. ముందు తాడు గట్టిగా పట్టుకో” అని ఆమె దిగింది.

ఇద్దరినీ పైకి లాగారు. జ్ఞానమ్మ ముఖం మీద నీళ్ళు చల్లారు. ఎంతసేపటికీ చలనం లేదు. దేవమాతా, తల్లీ అని ఊరంతా మోకరిల్లింది. ఆమె ఒక్కసారి పొలమారినట్టు దగ్గి, కళ్ళు తెరిచి, మొగుణ్ణి చూసి, “జొన్నలు బాగున్నాయయ్యా, ఒక్క పురుగు లేదు” అంది.

ముందు తెరేజమ్మ నవ్వింది. ఆమెతో పాటు ఊరంతా కళ్ళనీళ్ళతోనే పగలబడి నవ్వింది. శౌరయ్య లేచి చేతులు జోడించాడు.

“పాతర ఖాళీ అని అబద్ధమాడాను. మీ కాళ్ళకు మొక్కుతా, ఆ మాట నిజం చేసి పొండి.”

పొద్దుగుంకేలోపు పాతర ఖాళీ అయింది. ఇంటిల్లిపాదికీ సరిపడా ఎవరికి వారు తీసుకున్నారు, శౌరయ్య గంపలోకి తెరేజమ్మే ఎత్తి పోసింది. ఆ మర్నాడు ఆయన మంచం వాల్చుకుని మిట్టమధ్యాహ్నం దాకా గురకపెట్టి నిద్రపోయాడట. రెండేళ్ళుగా ఆయనకు అంత నిద్ర పట్టింది లేదు. ఆ వెంటనే వాన కురిసిందని కొందరు చెబుతారు గానీ, నమ్మకండి. వానకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఊరు బతికింది ఈ జొన్నల మీదనే.

నేటికీ తిరునాళ్ళకు వచ్చే భక్తులు ముందుగా పాతరలోకి దీపం దింపి, తర్వాత తెచ్చిన గింజలు పోస్తారు. కావలసినవారు ఎవరినీ అడగకుండా తోడుకుంటారు, కులమతాల పట్టింపు లేదు. పాతర ఖాళీ అయితే గాని తిరునాళ్ళ జెండా దించరు. ఒక ఏడాది రెండు మానికెల జొన్నలు మిగిలిపోతే, గొర్రెల మందతో వలసపోయే కాపరి ఎవరో వచ్చి కంబళిలో మూట కట్టుకునేదాకా నాలుగు రోజులు జెండా అలాగే ఎగిరింది. ఇక్కడ గింజలు పోసి వెళ్ళేవారికి గుండె మీది బరువు దిగుతుందని, కంటినిండా నిద్రపడుతుందని నమ్మకం.

ఇక మూత సంగతి. మూత కళ్ళెదుట ఉంటే మళ్ళీ మూయాలనిపిస్తుందని భయపడి, శౌరయ్య ఆ నాపబండను బండికెత్తించి గుడికి ఇచ్చేశాడు. లోపలికి వెళ్ళి చూడండి. పూజలో స్వాములవారు రొట్టె విరిచి అందరికీ పంచేది ఆ బండ మీదనే.