వంక దాటిన గురక

ఈ అమ్మమ్మ గురకకు నిద్ర పట్టడం లేదని మూతి ముడుచుకున్నావు కదూ? ఇటు తిరుగు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని పట్టుకో, చూద్దాం! పట్టుకున్నావంటే రేపటి నుంచి అమ్మమ్మ తన ముక్కుకు తాళం వేసి, తాళంచెవి నీ మొలతాడుకు కట్టేస్తుంది. ఈ కథను కాదనే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టినవాడు కూడా సగం కథలోనే నోరు తెరుచుకుని పడుకున్నాడు.

సరే, విను. ఊఁ కొట్టాలి మరి.

అనగనగా ఒక ఊళ్ళో... కాదు కాదు, అసలు ఊరే లేని చోట, గొర్రెలు కాచుకునే జనం ఉండేవాళ్ళు. వాళ్ళకు ఇల్లూ లేదు, వాకిలీ లేదు. కోతలైన చేలు వెతుక్కుంటూ మందతో పాటు పోయేవాళ్ళు. ఏ రైతు పిలిస్తే ఆ రైతు చేలో రాత్రికి మందను నిలిపేవాళ్ళు. గొర్రెల పెంటిక చేనుకు బలం. అందుకని రైతు వాళ్ళకు కడుపునిండా సంగటి పెట్టేవాడు.

చీకటి పడితే మంద చుట్టూ ముళ్ళకంపతో దడి కట్టేవాళ్ళు. ఆ దడి చుట్టూ గొంగళ్ళు పరుచుకుని, ఒకడి కాళ్ళ దగ్గర ఇంకొకడు తల పెట్టుకుని, గుండ్రంగా పడుకునేవాళ్ళు. లోపల గొర్రెలు, నడుమ ముళ్ళు, బయట మనుషులు. ఆ వరసలో చోటుంటే వాడు మనవాడు. చోటు లేకపోతే వాడికి లోకంలో ఎవరూ లేనట్టే.

ఆ వరసలో మద్దిలేటి అని ఒకడు పడుకునేవాడు. తల్లీ తండ్రీ లేరు. అక్క పెంచింది. వీపు మీద జోకొడితే గానీ నిద్రపోయేవాడు కాదట చిన్నప్పుడు. ఆ అక్క కూడా పోయింది. ఇక మిగిలింది బావ సుంకన్న ఒక్కడే.

మద్దిలేటి మంచివాడే. కానీ వాడి గురక! అబ్బో, ఏం చెప్పమంటావు! వాడు ఊపిరి పీలిస్తే ఆకాశంలో పోయే కొంగలు వెనక్కి ఎగిరేవి. వదిలితే పొరుగూరి రైతులు ఆ గాలికి చేటలు పట్టుకుని జొన్నలు తూర్పారపట్టుకునేవాళ్ళు. ఒకసారి వాడు బోర్లా పడుకుంటే నేలలోంచి వేరుశనక్కాయలు వాటంతట అవే పైకొచ్చాయి. రైతుకు తవ్వుకునే పని తప్పింది. నవ్వకు! ఇందులో అబద్ధమేముంది?

వాడికి మాత్రం ఆ గురక ఒక్కసారి కూడా వినబడలేదు. అందరూ తిట్టేది ఏ చప్పుడునో వాడికే తెలియదు.

ఒకరోజు పొద్దున్నే సుంకన్న కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు. "ఏంరా మద్దిలేటీ, ముక్కు ఊపిరికుంది. తోక ఈగల్ని తోలడానికుంది. పొట్టేలుకు కొమ్ములు పొడవడానికున్నాయి. నీ గురక ఎందుకుందిరా? చెప్పు, వింటాను" అన్నాడు.

మద్దిలేటి తల గోక్కున్నాడు. "పగలంతా మింగిన మాటలు రాత్రి బయటికొస్తాయంట బావా" అన్నాడు.

"నువ్వు పగలు మాట్లాడకుండా ఉన్నదెప్పుడురా? ఇంకోటి చెప్పు."

"గొంతులో కప్ప ఉంటుందంట."

"ఉంటే సంగటి ముద్దతో పాటు ఎప్పుడో మింగేసుంటావు. ఇంకోటి చెప్పు."

"తోడేలు భయపడి రాదంట బావా."

"తోడేలు సంగతేమో గానీ, నా నిద్ర పారిపోయి ఏళ్ళయింది. నువ్వు అటు పోయి మంద తోక దగ్గర పడుకో పో."

అప్పుడు మద్దిలేటి గొంగడి ఎత్తుకుని మంద తోక దగ్గరికి పోయాడు. అక్కడ పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి లేచి, "మాకెందుకు ఈ శిక్ష?" అన్నారు. ఆ తర్వాత వాణ్ణి వరసలోంచే తీసేసి, అవతలి చేలోకి పొమ్మన్నారు. అక్కడికి పోయినా గాలి ఇటు తిరిగితే చాలు, వండుకున్న కుండల మూతలు గలగలమనేవి.

ఆ తర్వాత సుంకన్న వాణ్ణి వంక దగ్గరికి తీసుకుపోయాడు. వంకలో మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. అవతల ఒక రాతిగుట్ట ఉంది.

"ఆ గుట్ట చాటుకు పో. పొద్దున్నే రా. గొర్రెల్ని కాయి. నిద్రకు మాత్రం ఇటు రావద్దు" అన్నాడు.

"ఒక్కణ్ణేనా బావా?"

సుంకన్న గడ్డం గీరుకుంటూ నీళ్ళ వైపు చూశాడు.

ఆ గుట్ట చాటున ఒక గుడిసె ఉంది. అందులో బాలక్క అని ఒక ముసలవ్వ ఉండేది. చీపుళ్ళు కట్టుకుని బతికేది. మాటలు నేర్చిన కొత్తలోనే చెవిటిదైంది. అది చుట్టుపక్కల అందరికీ తెలుసు. మొగుడి కేకా, బిడ్డల ఏడుపూ ఏదీ వినకుండానే ముసలిదైంది. వాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. గుడిసెలో ఆమె, ఆమె చీపుళ్ళు.

మద్దిలేటి గుట్ట మొదట్లో గొంగడి పరిచాడు. తల దగ్గర ఎవరి కాళ్ళూ లేవు. కాళ్ళ దగ్గర ఎవరి తలా లేదు. ఎటు దొర్లినా రాయే తగిలింది. "చెవిటామె కాబట్టి సరిపోయింది. చెవులున్నవాళ్ళ పక్కన నాకు చోటు లేదు" అనుకున్నాడు. ఆ మాట అనుకుంటూనే నిద్రపోయాడు.

అంత గురకనూ ఆ గుట్ట గుటుక్కున మింగేసింది. ఇవతలికి చీమంత చప్పుడు కూడా రాలేదు.

పొద్దున్నే బాలక్క ముంత నిండా అంబలి తెచ్చి వాడి ముందు పెట్టింది. బోసినోటితో నవ్వింది. ఎందుకు నవ్విందో వాడికి అర్థం కాలేదు. మరునాడూ తెచ్చింది. మరునాడూ నవ్వింది.

ఇటు దడి దగ్గర ఏం జరిగిందో తెలుసా? మొదటి రాత్రి గొర్రెలు పడుకోలేదు. నిలబడే నెమరేశాయి. రెండో రాత్రి దడిలో గుండ్రంగా తిరిగాయి, ఏదో పోగొట్టుకున్నట్టు. పుట్టినప్పటినుంచి ఆ గురక వింటూనే నిద్రపోయిన గొర్రెలాయె! అది ఆగిపోతే వాటికి లోకమే ఆగిపోయినట్టుంది.

మూడో రాత్రి గాలి గుట్ట మీదుగా వీచింది. గాలితో పాటు గురక ముక్క ఒకటి కొట్టుకొచ్చి ఒక ముసలి గొర్రె చెవిలో పడింది. అంతే! అది ముళ్ళదడిని తోసుకుని బయటికి నడిచింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మందంతా. మనుషులు మాత్రం ఎన్నాళ్ళకో దొరికిన నిద్ర కదా, ఒళ్ళు తెలియకుండా పడున్నారు.

తెల్లారి సుంకన్న లేచి చూస్తే దడిలో పెంటికలు తప్ప ఏమీ లేవు. లబోదిబోమంటూ జాడ పట్టుకుని పోయాడు. జాడ వంకలోకి దిగింది. అవతలి గట్టు ఎక్కింది. గుట్ట చుట్టూ తిరిగింది. అక్కడ మద్దిలేటి నడుమ పడుకుని ఉన్నాడు. చుట్టూ మందంతా కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఒక గొర్రెపిల్ల వాడి పొట్ట మీద పడుకుని, గురకతో పాటు పైకీ కిందికీ ఊగుతోంది.

"దొంగా! మందను మళ్ళిస్తావురా?" అని సుంకన్న అరిచాడు.

గొర్రె తనంతట తాను నీళ్ళు దాటదు. అది వాళ్ళలో పసిబిడ్డకైనా తెలుసు. దాటిందంటే ఎవరో తోలినట్టే. మంద మళ్ళించినవాడి చేతికర్ర విరిచేస్తారు. కర్ర విరిగినవాడికి ఇక ఏ మందలోనూ పని లేదు, ఏ వరసలోనూ పక్క లేదు.

మద్దిలేటి లేచి కూర్చున్నాడు. "నేను నిద్రలో ఉన్నాను బావా. అవే వచ్చాయి" అన్నాడు.

"నీ గురక విని వచ్చాయా? మనుషుల్ని తరిమే గురక గొర్రెల్ని పిలుస్తుందా?"

అప్పుడు కాపరులందరూ వచ్చి, గుట్ట వైపు వంక ఇసుకలో కూర్చున్నారు. పెద్దకాపరి మద్దిలేటి కర్ర తీసుకుని తన మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "మందను అవతలి గట్టుకు తోలండి. అబ్బీ, నువ్వు ఇక్కడ పడుకుని గురక పెట్టు. మంద నీళ్ళు దాటొచ్చిందా, నీ మాట నిజం. రాలేదా, ఈ కర్ర రెండు ముక్కలు" అన్నాడు.

మద్దిలేటి పడుకున్నాడు. ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే నిద్రెట్లా వస్తుంది? వాడు భయంతో దొంగగురక పెట్టాడు. గుర్ర్... గుర్ర్... అవతలి గట్టున గొర్రెలు తలెత్తి చూశాయి. ముసలి గొర్రె తుమ్మింది. తుమ్మి, అటు తిరిగి వాడికి వెనకభాగం చూపించి నిలబడింది.

కాపరులు పగలబడి నవ్వారు. అప్పుడు నిద్ర పట్టాలని వాడికి సంగటీ మజ్జిగా పెట్టించారు. వాడు ఒంటిగా ఆ ముద్ద మింగాడు. కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నీళ్ళు ఊరాయి గానీ నిద్ర రాలేదు. పెద్దకాపరి కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

అప్పుడు బాలక్క చీపుళ్ళ మోపు నెత్తిన పెట్టుకుని అటు వచ్చింది. ఇసుకలో ఒక్కడే పడుకున్న పిల్లాణ్ణి చూసింది. చుట్టూ కూర్చున్నవాళ్ళను చూసింది. మోపు కింద పడేసింది.

"ఏందయ్యా ఇది, శవం చుట్టూ కూర్చున్నట్టు కూర్చున్నారు? వాణ్ణి ఒక్కణ్ణే పడుకోమంటే నిద్రెట్లా వస్తుంది? పడుకోండి అందరూ! ఊఁ, వాలండి!" అని గద్దించింది.

చెవిటామెతో వాదించేదెవరు? వాళ్ళు ఏమన్నా ఆమెకు వినబడదాయె. ఒక్కొక్కడే ఇసుకలో వాలాడు. అలవాటు కొద్దీ ఒకడి కాళ్ళ దగ్గర ఇంకొకడు తల పెట్టాడు. వరస గుండ్రంగా తిరిగొచ్చేసరికి మద్దిలేటి తల దగ్గర సుంకన్న కాళ్ళు పడ్డాయి.

మద్దిలేటి మెల్లగా చెయ్యి చాపి బావ కాలిమడమ ముట్టుకున్నాడు. సుంకన్న కాలు వెనక్కి తీసుకోలేదు.

ఇక చూడు! వాడికి నిద్ర పట్టింది. గురక లేచింది. మామూలు గురకా అది? వంకలో నీళ్ళు రెండుగా చీలి దారి ఇచ్చాయి. చేపలు ఇసుకలో కూర్చుని తమాషా చూశాయి. మందంతా తోకలూపుకుంటూ కాలు తడవకుండా ఇవతలికి వచ్చి, వాడి చుట్టూ పడుకుంది. పెద్దకాపరి చేతిలోంచి కర్ర జారిపోయింది. ఆయన కూడా నిద్రపోయాడు మరి!

నిద్రపోనిది సుంకన్న ఒక్కడే. తిరిగి చూస్తే, బాలక్క నేల మీద పడుకుని, చెంప ఇసుకకు ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

మద్దిలేటి లేచాక ఆమె దగ్గరికి పోయాడు. ముక్కు చూపించి, చేతులు తిప్పి, "నా గురక ఎట్లుంటుంది అవ్వా? నేనెప్పుడూ వినలేదు" అని సైగ చేశాడు.

"నేను మాత్రం ఏం విన్నాన్రా? నేలకు చెంప ఆనిస్తే తెలుస్తుంది, అంతే" అంది. వాణ్ణి వెనక్కి తిప్పింది. వీపు మీద అరచేత్తో మెల్లగా కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది. "ఇదిగో, ఇట్లుంటుంది. నాకు జోకొట్టేవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో. నువ్వొచ్చాక నేలే నాకు జోకొట్టింది."

మద్దిలేటి ఇటు తిరగలేదు. "మా అక్క చెయ్యి ఇట్లే ఉండేది" అన్నాడు. ఆ మాట బాలక్కకు వినబడలేదు. సుంకన్నకు వినబడింది. ఆ సాయంత్రం సుంకన్నే వాడి గొంగడి ఎత్తుకొచ్చి, వరసలో తన పక్కన పరిచాడు.

ఆ తర్వాత తొలకరి పడింది. మంద కొండల వైపు కదిలింది. కాపరులకు ఊరు ఉండదు కదా, ఉండమన్నా ఉండలేరు. మద్దిలేటి వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయాడు. బాలక్క గుట్ట దగ్గర నిలబడి చూసింది.

మొదటి రాత్రి ఆమె చెంప కింద నేల బాగానే కదిలింది. రెండో రాత్రి చీమ నడిచినట్టు కదిలింది. మూడో రాత్రి ఏమీ లేదు. ఆ చెంప తీసి ఈ చెంప ఆనించింది. తడినేల చల్లగా తగిలింది, అంతే. ఆమె కళ్ళు తెరుచుకుని పడుకుంది.

అక్కడ కొండల్లో మద్దిలేటి ఎంత దూరం పోతే అంత గట్టిగా గురక పెడుతున్నాడు. నిద్రపోతున్నవాడికి ఎట్లా తెలుసంటావా? జోకొట్టే చేతికి ఎవరు చెప్తారురా, ఇంకా కొట్టమని? అయినా వాడొక్కడి గురక అంత దూరం రావడం లేదు. అప్పుడు వాడి పక్కన సుంకన్న ఒక గురక పెట్టాడు. అతని కాళ్ళ దగ్గరివాడు ఒకటి పెట్టాడు. వరసంతా అందుకుంది. వరస నుంచి ఊరికి, ఊరి నుంచి ఊరికి పాకింది. చీకటి దాటి, చేలు దాటి, వంక కింద నుంచి వచ్చి, బాలక్క చెంప కింద మెల్లగా ఒక్కసారి తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది.

అప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది.

ఇదిగో, అప్పటినుంచే మనుషులు గురక పెడుతున్నారు. మనం పెట్టే గురక మనకోసం కాదు. ఎక్కడో ఎవరో ఒంటిగా నేలకు చెంప ఆనించి ఉంటారు, వాళ్ళకోసం. ఇప్పుడు అమ్మమ్మ గురక పెడితే మూతి ముడుస్తావా?

గొర్రెలు దడిలోకి, గురకలు నేలలోకి,
గాలి గుట్ట మీదికి, గొంగడి ఒంటి మీదికి,
కథేమో కంచి దారికి, కళ్ళేమో కమ్మని నిద్రకి.

ఏమిటీ, ఇంకా నమ్మవా? సాక్షి ఉంది. పోయి అడుగు. గుట్ట చాటు గుడిసెలో ఉంటుంది. మొత్తం తనే విన్నది. పేరు బాలక్క. చెవిటి బాలక్క.