పాలు పొంగించిన గది

అనగనగా వాగు ఒడ్డున ఒక ఊరుండేది. అక్కడ పై వీధి నీళ్ళు కింది వీధికి, కింది వీధి నీళ్ళు సందులోకి, సందులో నీళ్ళు వాగులోకి పోయేవి. ఆ సందుకు ఒక పక్క గవర్రాజు ఇల్లు, రెండో పక్క కుమ్మరి సింహాచలం కొట్టం. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే మీకంటే ముందు నేనే నిద్రపోతాను.

గవర్రాజు కోడలు అచ్చాయమ్మకు నెలలు నిండుతున్నాయి. పురిటికి ఇంట్లో చోటు లేదు. కోడలంటే ఆయనకు ప్రాణం. పంచాయతీని ఒక్క మాటైనా అడగకుండా సందుకు అడ్డంగా గది లేపాడు. పెద్దలు వచ్చి పని ఆపమన్నారు. సందు వదిలి పెరట్లో కట్టుకుంటే అనుమతి ఇస్తామన్నారు. ఆయన తలూపాడు. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు గడ్డి కప్పించి, తలుపైనా పెట్టకుండా, పొయ్యి రాజేసి పాలు పొంగించేశాడు. పాలు పొంగించిన ఇంటిమీద బయటివాళ్ళు పలుగు వెయ్యకూడదని ఆ ఊరి ఆచారం.

మర్నాడు పలుగులతో వచ్చిన పెద్దలు ఆ పొయ్యి చూసి ఆగిపోయారు.

"గోడ తడైనా ఆరకుండా గృహప్రవేశమా?" అన్నాడు సర్పంచి నూకయ్య.

"అయిపోయింది బావా! పాయసం తిని వెళ్ళు," అన్నాడు గవర్రాజు.

అచ్చాయమ్మ కొట్టం వైపు చూసింది. మబ్బు కమ్ముకొస్తోంది. సందు మూసుకుపోయింది కాబట్టి వాన నీళ్ళిక కొట్టంలోకే. సింహాచలం పచ్చి కుండలను అటక మీదికి ఎక్కిస్తున్నాడు. అన్నిటికీ అటక చాలదు. కాల్చని కుండ తడిస్తే మట్టే కదర్రా! గదిలో ఉయ్యాల ఎక్కడ కట్టాలో కూడా ఆవిడ అప్పటికే చూసుకుంది. అయినా, ఆ గది తనకోసమైతే ఆ నష్టమూ తన పేరు మీదిదే అనిపించింది.

"మామయ్యా, నేనిందులో పడుకోను. పక్కన కుండలు కరుగుతుంటే నాకు కన్నెలా మూతపడుతుంది? బయటివాళ్ళు ముట్టుకోకూడదు గానీ, మన ఇల్లు మనం విప్పుకుంటే దోషమేముంది?" అని పై ఇటుక పీకింది.

"ఆగవే తల్లీ, బరువెత్తకు!" అంటూ గవర్రాజు ఆ ఇటుక లాక్కున్నాడు. లాక్కున్నవాడు రెండోదీ తీశాడు, మూడోదీ తీశాడు. గోడంతా తనే దించాడు. పెద్దలు పలుగులు పక్కన పడేసి, ఆ ఇటుకలనే చేతులు మార్చుకుంటూ పెరట్లోకి చేరవేశారు. అక్కడ కట్టుకోమని నూకయ్య అనుమతి ఇచ్చాడు.

వాన కురిసింది. పై వీధి నీళ్ళు కింది వీధికి, కింది వీధి నీళ్ళు సందులోకి, సందులో నీళ్ళు వాగులోకి పోయాయి. ఒక్క కుండా తడవలేదు. పెరటి గదిలో ఆడపిల్ల పుట్టింది.

ఆ తరవాత గవర్రాజు కోళ్ళగూడు కట్టాలన్నా ముందు పంచాయతీకి వెళ్ళి, కోళ్ళెన్నో, గూడెక్కడో చెప్పుకునేవాడు. నూకయ్యే విసిగిపోయి, "పోయి కట్టుకో బావా!" అనేవాడు. కట్టకముందు అడిగితే మాటతో పోతుందర్రా, కట్టాక అయితే గోడలే పోవాలి.

ఇక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.